మధ్యలో ఆగే కుందేలు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన చేతుల్లో ఏదైనా పాడైపోతుందేమోనని.

పెళ్లైన కొత్తలో మిక్సీ కాలిపోయింది. "నువ్వు ముట్టుకున్నావా?" అన్నాడు భర్త. నవ్వుతూనే అన్నాడు. ఆ మాట మాత్రం ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు మొరాయిస్తున్నది మిక్సీ కాదు. ఆయన ఆఫీసువాళ్లు ఇచ్చిన కంప్యూటర్.

"ఇది మనది కాదు. దీనికేమైనా అయితే నా ఉద్యోగం మీదికొస్తుంది. జాగ్రత్త," అని పదిసార్లు చెప్పి మరీ ఊరెళ్లాడు. ఆయన వెళ్లిన రెండో రోజే పిచ్చుక పేచీ పెట్టింది. పిచ్చుక అంటే ఏడేళ్ల కూతురు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. బడికి సెలవులు. ఐదో అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ. పిల్ల మాత్రం ఎంతసేపని గోడను చూస్తుంది? ఒక్క ఆటేగా, ఒక్క గంటేగా అనుకుని ఆమె కంప్యూటర్ తెరిచింది.

కుందేలు పరుగెత్తే ఆట అది. కంచె రాగానే మీట నొక్కితే దూకుతుంది. నొక్కకపోతే గుద్దుకుని చస్తుంది.

"అమ్మా! మళ్లీ ఆగిపోయింది!"

పొయ్యి మీద గిన్నె వదిలేసి ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఆట బాగానే ఉండేది. కుందేలే చచ్చి పడుండేది.

"ఏదీ, నడుస్తోందిగా?"

"ఇప్పుడు నడుస్తోంది. ఇందాక ఆగింది. కంచె అంత దూరంలో ఉందా, ఆగిపోయిందా, చూసేసరికి నా కుందేలు చచ్చిపోయింది. మధ్యలోది ఎవరో తినేశారు."

"ఏ మీట పడితే ఆ మీట నొక్కి ఉంటావు."

"నేనేం చేయలేదు! టీవీ కూడా ఇలాగే చేస్తుంది. మా టీచరైతే డిక్టేషన్‌లో సగం మాటలు మింగేస్తుంది."

"అందరిదీ తప్పే, నీదొక్కటే ఒప్పు. నోరు చూడు, నోరు!"

రోజుకు ఐదారుసార్లు ఇదే తంతు. పక్కింటి వదిన ఓ రిపేరు మనిషి నంబరు ఇచ్చింది. ఆమె ఫోన్ చేసింది.

"ఆపేసి మళ్లీ వేశారా చెల్లెమ్మా?"

"వేశానన్నా. పదిసార్లు."

ఆయన ఫోన్‌లోనే ఒక్కొక్కటీ చెప్పాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిన ఆమె, అర్థం కాని మాటల్ని విన్నవి విన్నట్టు కరెంటు బిల్లు వెనక రాసుకుంది. పాత బ్రష్షుతో గాలి వచ్చే కంతల్లో దుమ్ము దులిపింది. ఆట తీసేసి మళ్లీ ఎక్కించింది. నొక్కే ముందు ప్రతిసారీ రాసుకున్నది మళ్లీ చదువుకుంది.

"అమ్మా, మళ్లీ!"

అప్పుడే భర్త ఫోన్. "రేపు పొద్దున వచ్చేస్తున్నా. అంతా బాగానే ఉందిగా?"

"ఆఁ... బాగానే ఉంది."

ఫోన్ పెట్టేశాక గది నాలుగు గోడలూ తన మీదికి జరిగినట్టనిపించింది. చెప్తే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా. తప్పించుకుందామంటే సందు లేదు.

మర్యాదకైనా కూర్చోమనకుండా, మళ్లీ ఫోన్ చేస్తే మధ్యాహ్నం వచ్చిన రిపేరు మనిషిని నేరుగా కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లింది. నెరిసిన మీసం, నుదుటి మీదికి ఎత్తిన కళ్లజోడు. విప్పి చూశాడు, బిగించాడు. అరగంట తనే ఆడాడు. ఆట ఆగలేదు.

"మీరాడండి."

ఆమె ఆడింది. ఆట ఆగలేదు గానీ, తొమ్మిది కుందేళ్లు చచ్చాయి.

"మీ ఇంట్లో కుందేలుగా పుట్టకూడదు చెల్లెమ్మా," అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

తెర మూలన రెండు గుర్తులు పెట్టాడు. ఒకటి సెకన్లు లెక్కపెట్టే గడియారం. రెండోది మీట నొక్కినప్పుడల్లా వెలిగే చుక్క. "గడియారం ఆగితే లోపం మిషన్‌ది. గడియారం నడుస్తూ, నొక్కినా చుక్క వెలగకపోతే మీటలది. ఏదో ఒకటి దొరక్కపోదు. రావే పిచ్చుకా, నువ్వాడు."

పిచ్చుక వాగుతూనే ఆడింది. కాసేపటికి కుందేలు కంచెను గుద్దుకుంది.

"చూశావా మామయ్యా! ఆగింది!"

ఆడినదంతా రికార్డయింది. ఆయన వెనక్కి తిప్పి చూశాడు. గడియారం ఆగలేదు. చుక్క మాత్రం పన్నెండు సెకన్లు వెలగలేదు.

"మీటలు పోయాయా అన్నా?" అంది ఆమె. "దాని మీద చుక్క నీళ్లు కూడా పడలేదు, ఒట్టు. కొత్తవి వేస్తే ఆయనకు తెలిసిపోతుందా?"

ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నాడు.

"ఇంకొక్కసారి ఆడు తల్లీ," అని కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. అక్కణ్నుంచి తెర సరిగ్గా కనిపించదు కూడా. ఈయనకు పని మీద ధ్యాస పోయిందా ఏమిటని ఆమె తనే తెర ముందుకు వంగింది.

కుందేలు పరుగెత్తుతోంది. ఒక కంచె దూకింది. రెండోదీ దూకింది. మూడోది వస్తోంది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. పక్కన ఆయన చెయ్యి, ఈగను తోలుతున్నట్టు, అటూ ఇటూ ఊగడం కంటికొసల్లో కనిపించింది.

కుందేలు కంచెను గుద్దుకుంది.

"చెల్లెమ్మా, మిషన్ నిక్షేపంలా ఉంది, కళ్లు తెరిచే ఉండి మధ్యమధ్యలో ఆగిపోతున్నది మీ పాపే, నేను చెయ్యి ఊపినా రెప్ప వేయలేదు, ఈరోజే డాక్టరుకు చూపించండి."