ఆఖరి అలయ్ బలయ్

దయాకర్‌కు మానుకోటకు బదిలీ అయిందన్న కబురు విన్నప్పటి నుంచి రుక్మిణి సరిగ్గా తిండి తినడం లేదు.

అది చూసి ఆమె మొగుడు రవీందర్‌కు గుండెల్లో రాయి పడింది. తెలిసిపోయింది, అనుకున్నాడు.

ఏం తెలిసిపోయిందో చెప్పాలంటే అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం దాకా వెళ్లాలి. అప్పుడు రవీందర్, దయాకర్ కాలేజీ పిల్లలు. జనగామలో ఊరేగింపు మీద లాఠీలు లేచాయి. ఇద్దరూ పడుతూ లేస్తూ పరుగెత్తి, లింగాల ఘనపూర్ దారిలో ఎవరిదో పశువుల కొట్టంలో దూరారు. భయంతో దయాకర్ చేయి పట్టుకున్నాడు రవీందర్. కాసేపటికి భయం పోయింది గానీ చేయి వదలబుద్ధి కాలేదు. దయాకర్ కూడా విడిపించుకోలేదు. అంతే. దాని గురించి ఆ తర్వాత ఇద్దరూ ఒక్క మాటా అనుకోలేదు.

ఉద్యోగాలొచ్చాయి. పెళ్లిళ్లయ్యాయి. దయాకర్ మనోరమను చేసుకున్నాడు, రవీందర్ రుక్మిణిని చేసుకున్నాడు. రెండు కాపురాలూ జనగామలోనే, చెరో వాడలో.

పోనీ, రుక్మిణి మీద ప్రేమ లేదా అంటే, ఎందుకు లేదు? బోలెడంత ఉంది. ఆమె నవ్వితే ఇప్పటికీ రవీందర్ చేతిలో పని ఆగిపోతుంది. అదే వచ్చిన చిక్కు. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమైతే పాపం, హాయిగా బతికేవాడు.

ఏడాదికి ఒక్క రోజు మాత్రం అతనిది. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి, మగవాళ్లంతా అలయ్ బలయ్ తీసుకుంటారు. అంతమంది కౌగిలింతల్లో ఈ ఇద్దరిదీ ఒకటి. ఎవరు పట్టించుకుంటారు? ఆ ఒక్క కౌగిలితో రవీందర్ ఏడాదంతా నెట్టుకొస్తాడు. ఇంటికొచ్చి రుక్మిణి మొహం చూడలేక ఏడాదంతా చస్తాడు కూడా.

"దయాకరన్నోళ్లు పోతుంటె నీకేం అనిపిస్తలేదా?" అంది రుక్మిణి ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

రవీందర్ కంచంలోకే చూస్తూ అన్నం కలిపాడు. "ఏమనిపిస్తది? సర్కారు నౌకరి అన్నంక బదిలీలు గాకుంటయా?"

"నీది రాతిగుండె," అని కూరగిన్నె ఠప్పున పెట్టి లేచిపోయింది.

ఆరా తీస్తోంది, అనుకున్నాడు రవీందర్.

సద్దుల బతుకమ్మ వచ్చింది. తమ వాడలో ఆడుతున్నా రుక్మిణి ఎప్పట్లాగే మనోరమ వాళ్ల వాడకు బయల్దేరింది.

"గింత బరువు మోసుకుంట గంత దూరం ఎందుకు? గీన్నే ఆడరాదా?" అన్నాడు రవీందర్.

"మనోరమక్క లెక్క పాట ఎత్తుకునేటోళ్లు ఈడ ఎవలున్నరు?" అని బతుకమ్మను నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

బతుకమ్మను నీళ్లలో వదిలే ముందు పసుపుతో చేసిన గౌరమ్మను తీసి, ఆ పసుపు ఒకరి పుస్తెలకు ఒకరు రాసుకుంటారు ఆడవాళ్లు. రుక్మిణి పుస్తెలకు పసుపుతో, ఉబ్బిన కళ్లతో తిరిగొచ్చింది. అక్కడ ఎవరో ఏదో అన్నారు, సందేహం లేదు అనుకున్నాడు రవీందర్. తన మూలాన ఈ పిల్ల నలుగురిలో తలదించుకుని వచ్చిందే అని కుమిలిపోయాడు.

దసరా రానే వచ్చింది. జమ్మి దగ్గర దయాకర్ అతని చేతిలో ఆకు పెట్టాడు.

"వచ్చే దసరకు వస్తవారా?" అన్నాడు రవీందర్.

"ఏమో రా. గంత దూరం నుంచి ఎట్లయితదో."

హత్తుకున్నారు. రవీందర్ కళ్లు తెరిచేసరికి ఎదురుగా, ఆడవాళ్ల మధ్య మనోరమ పక్కన రుక్మిణి నిలబడి ఉంది. రెప్ప వేయకుండా అతన్నే చూస్తోంది.

ఇక దాచడం అతని వల్ల కాలేదు. ఇంటికి రాగానే తలుపు దగ్గరగా వేశాడు. దేవరుప్పులలో పుట్టింటికి పోతానన్నా సరే, మళ్లీ మొహం చూడనన్నా సరే, చెప్పేయాలి.

"రుక్మిణీ, దయాకర్ నాకు ఉత్త దోస్తు కాదు. నిన్ను చూస్తె నాకు ఎట్లుంటదో, వాన్ని చూసినా గట్లనే ఉంటది. నీ మీద పావురం లేక, ప్రేమ లేక కాదు. ఒట్టు. రెండూ నిజమే. గిదేం పుట్టుకనో నాకే సమజైతలేదు."

రుక్మిణి చేయి పుస్తెల మీదికి పోయింది. వాటిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. తెంపి మొహాన కొడుతుందేమో అనుకున్నాడు రవీందర్.

"నాకు తెల్సు," అందామె.

"ఎవలు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పాల్నా? అలయ్ బలయ్ తీస్కునేటప్పుడు అందరు నవ్వుతరు. నువ్వు కండ్లు మూస్కుంటవు. ప్రతి దసరకు చూస్తున్న."

"మరి ఇన్నేండ్లు ఒక్క మాటన్నా అడగకపోతివి! గంత ఏడుపు కడుపుల పెట్టుకొని..." రవీందర్ ఆమె ముందు కూలబడ్డాడు. "తప్పు నాది. తిట్టు. కొట్టు. ఏమన్న అను."

"నేనేం మొహం పెట్టుకొని అడుగుత?"

"నువ్వేం చేసినవ్? అయినా కండ్లు మూస్కున్నంత మాత్రాన మనసుల ఏమున్నదో నీకెట్ల తెలుస్తది?"

రుక్మిణి పిడికిలి విప్పింది. అరచేతికి అంటిన పసుపును చూసుకుంటూ, మొగుడి వైపు తలెత్తకుండా అంది:

"నా పుస్తెలకు మనోరమ పసుపు రాసేటప్పుడు నేను సుత గట్లనే కండ్లు మూస్కుంట."