తీసేసిన చప్పుడు

“పాట మంచిగుంది తమ్మీ. గని ఆ టక్ టక్ ఏంది? తీసెయ్.”

లిడియా రాసిన ఆ ఒక్క ముక్కతో మొదలైంది అంతా.

గోదావరిఖనిలో, బొగ్గుగని కంపెనీ క్వార్టర్లో కూర్చుని ఆమె ఓ చిన్న వెబ్‌సైట్ నడిపేది. పాత వీడియో గేముల పాటల్ని కొత్త వాయిద్యాలతో మళ్లీ కట్టే పిచ్చివాళ్లు కొద్దిమంది అందులో పోగయ్యారు. ఎవరు రీమిక్స్ పంపినా ముందు లిడియా వినాలి. ఆమె సరే అంటేనే సైట్‌కెక్కాలి.

చెవి మంచిదే. నాలుకే కరుకు.

“నీ డ్రమ్ముల కింద పడి రాగం నలిగి చచ్చింది” అని ఒకడికి రాసింది. వాడు మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

పైగా ఆమె పెట్టిన షరతు ఒకటుంది. పాట వెనక కథలు చెప్పకూడదు. ఏమున్నా పాటే చెప్పాలి. జాలి చూపించి పాటను పాస్ చేయడం ఆమెకు గిట్టదు.

అందుకే కొత్తగా చేరిన మొగిలి కథేమీ చెప్పలేదు. కమాన్‌పూర్‌లో నెట్ సెంటర్ చూసుకునే కుర్రాడతను. తెలంగాణ బందులు జోరుగా ఉన్న రోజులు కదా, గిరాకీ లేనప్పుడల్లా అక్కడి కంప్యూటర్ మీదే పాటలు కట్టేవాడు.

కారు రేసు ఆటలోని పాట పంపాడు. పరుగులెత్తే పాటను నెమ్మది చేసి, పైన వేణువు పెట్టాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని వింటుంటే లిడియాకు ముచ్చటేసింది. కానీ అడుగున ఎవరో కర్రతో కొడుతున్న చప్పుడు.

టక్ టక్. ఆగడం. టక్.

ఆ ఆగడం కూడా ఓ చోట పొట్టిగా, ఓ చోట పొడుగ్గా. తాళానికీ దానికీ పొత్తే కుదరలేదు.

“అక్క, అదొక్కటి ఉండనియ్యి. దాని కోసమే పాట కట్టిన” అని రాశాడు మొగిలి.

“మన కోసం కాదు తమ్మీ, వినేటోళ్ల కోసం కట్టాలె. అది ఉంటే పాట ఎక్కది.”

“లిడియా, ప్రార్థనకు రా బిడ్డా” అని పక్కగదిలోంచి నాయిన పిలిచాడు.

విసుక్కుంటూ లేచింది. నాయిన సామ్యేల్ పోయినేటి నుంచి గని దిగడం లేదు. లోపల పైకప్పు కూలిన రోజున ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ రోజు ఏం జరిగిందో ఎంతడిగినా నోరు విప్పలేదు. ప్రార్థనలో మాత్రం రోజూ ఒకటే మాట.

“ప్రభువా, నర్సింగం ఇంటోళ్లను సల్లగ సూడు.”

“ఆమెన్” అంది లిడియా. ఆ నర్సింగం ఎవరో ఆమెకు తెలియదు. అడగాలని తోచనూ లేదు. మనసంతా ఆ టక్ టక్ మీదే ఉంది.

కొన్నాళ్లకు మొగిలి కొత్తది పంపాడు. “తీసేసిన అక్క.”

సైట్‌లో జాగా తక్కువ. తిప్పి పంపిన పాటను చెరిపేయడం లిడియాకు అలవాటు. పాతదాన్ని చెరిపేసి కొత్తదాన్ని ఎక్కించింది. జనం ఎగబడి విన్నారు.

“చూసినవా? నేను చెప్పలే?” అని రాసింది.

“అవునక్క” అని మాత్రం వచ్చింది.

ఆ సాయంత్రం సంబరంగా హెడ్‌ఫోన్లు పీకేసి, స్పీకర్లలో పెట్టి నాయినకు వినిపించింది.

“మంచిగున్నది బిడ్డా” అన్నాడు సామ్యేల్, చాయ్ తాగుతూ.

“నేను చెప్తెనే గింత మంచిగైంది నాయినా. మొదట్ల గిట్ల ఒక పిచ్చి చప్పుడు పెట్టిండు.” బల్ల మీద వేలితో కొట్టి చూపించింది. టక్ టక్. ఆగింది. టక్.

సామ్యేల్ చేతిలో కప్పు ఆగిపోయింది.

“మల్లొకసారి కొట్టు.”

కొట్టింది.

“గనిల పైకప్పు సూసుడు బిడ్డా అది. కర్రతోని కొట్టి ఇంటరు. బోలుగ మోగితే కూలుతదని లెక్క. నడుమల ఆగుడున్నది సూడు, అది ఇనుడు.”

“అందరు గిట్లనే కొడ్తరా?”

“ఎవని చెయ్యి వానిది. గిట్ల కొట్టేటోడు ఒక్కడే. ఎవలు పంపిండ్రు నీకు?”

లిడియా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. గబగబా మొగిలికి రాసింది. “ఆ చప్పుడు ఎవరిది తమ్మీ?”

“మా బాపుది అక్క. ఇంట్ల గూడ పండుకునే ముందు కర్రతోని పైకప్పు కొట్టి సూసేటోడు. మేము నవ్వేటోళ్లం. నవ్వుకుంటనే సెల్లుల రికార్డు చేసిన. తర్వాత గనిల పానం పోయింది. సెల్లు గూడ కరాబయింది. పాటల ఉన్నదే మిగిలింది.”

“మొదటి పాట పంపు. జల్ది.”

“నా కాడ లేదక్క. వైరస్ వచ్చిందని సేటు కంప్యూటర్ ఫార్మాట్ కొట్టిండు. మీ కాడ ఉంటది గదా అని నేను ఫికర్ చెయ్యలే.”

లిడియా సైటంతా గాలించింది. తన చేత్తో తానే చెరిపిన చోట ఇంకేముంటుంది?

చివరిమాట అడిగింది. “మీ బాపు పేరు?”

“నర్సింగం.”

వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, సామ్యేల్ తెర మీది ఆ పేరును చూస్తూ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“ఆ దినం గట్లనే కొట్టిండు, ఆగి ఇన్నడు, ‘ఉరుకుండ్రి’ అని మమ్ముల బయటికి నూకి తను లోపట్నే ఉండిపోయిండు బిడ్డా... నన్ను బతికిచ్చిన ఆ చప్పుడు ఒక్కసారి ఇనిపియ్యి.”