వాల్వుల పందెం

“ఇది బాగుందా... ఇదా?”

కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం అద్దాలు మార్చి మార్చి అడిగే మాట అది. సెలవు రోజున ఇంట్లో కూడా అద్దాలాయనకి అది వదల్లేదు. కాకపోతే ఇక్కడ మారుతున్నవి ఆంప్లిఫయర్లు. బల్ల మీద ఒక పక్క ఇన్నాళ్ళూ వాడిన ట్రాన్సిస్టర్ ఆంప్లి, ఇంకో పక్క మెకానిక్ మిత్రుడు అప్పుడే తెచ్చి బిగించిన పాతకాలం వాల్వుల ఆంప్లి. దాని గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి.

“నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి బావా,” అంది భార్య. ఒకప్పుడు మరదలు. అక్క పోయాక ఆ ఇంటికి భార్యగా వచ్చినా పిలుపు మాత్రం మారలేదు.

“ఒకలాగే ఉన్నాయా! అందుకే నీకు సంగీతం టీచరు ఉద్యోగం వద్దంటున్నాను. చెవే లేని దానివి, పిల్లలకేం నేర్పుతావు?”

ఆమె ముఖం చిన్నబోయింది. స్కూలు వాళ్ళు రేపు జవాబు చెప్పమన్నారు. పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఉద్యోగం ఒక్కటే.

క్యాసెట్టులో జోలపాట వస్తోంది. పాడింది మొదటి భార్య. ఆ పాటంటే ఆయనకి ప్రాణం. మొన్న వానలకి కప్పు కారి అల్మారాతో పాటు అందులోని ఈ క్యాసెట్టూ తడిసినప్పుడు, అద్దాలాయన తల పట్టుకుని కూలబడ్డాడు. క్యాసెట్టుని తీసుకెళ్ళి, నాలుగు రోజులకి కొత్త డబ్బాలో పెట్టి, బాగానే ఉందంటూ చేతికిచ్చింది ఈమే. అప్పుడొక్కసారి మెచ్చుకున్నాడు. అలవాటు లేని పని కాబట్టి మళ్ళీ ఆ జోలికి పోలేదు.

“కళ్ళకి గంతలు కట్టుకుని చెప్పు బావా, ఏది ఏదో. ఒక్కటి తప్పినా నేను స్కూల్లో చేరతాను.”

“తప్పకపోతే?”

“ఇంకెప్పుడూ పాట ఊసెత్తను.”

“ఇరుక్కున్నావు గురూ!” అన్నాడు మెకానిక్. “రెండిటి సౌండూ సమానం చేశాను. మహామహులే బోల్తా పడ్డారు దీంట్లో.”

“కట్టరా తువ్వాలు!”

అద్దాలాయన తల వంచి విన్నాడు. “వాల్వు.” మెకానిక్ మీట తిప్పాడు. “ట్రాన్సిస్టర్.” ఈసారి మీట టక్కుమనిపించి, మార్చకుండా వదిలేశాడు. “నా దగ్గరా నీ ఆటలు? ఇదీ ట్రాన్సిస్టరే.” ఎన్నిసార్లు తిప్పినా ఒక్కటీ తప్పలేదు. చివరికి మెకానిక్ చేతులెత్తేశాడు.

“అవి చెవులు కావు గురూ! ఒప్పుకున్నాను.”

అద్దాలాయన తువ్వాలు విప్పలేదు. “వాల్వు మీదే ఉంచు,” అన్నాడు. “చరణం ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకుంటోంది, విన్నావా? ట్రాన్సిస్టర్లో అది ఎండుటాకులా ఉంటుంది. ఇందులో వెచ్చగా ఉంది. మనిషి పక్కనే కూర్చున్నట్టుంది.” ఆయన ఏడుస్తున్నాడని తువ్వాలే చెప్పింది.

మెకానిక్‌కి ఆమెని చూస్తే జాలేసింది. “పోనీ, చెల్లెమ్మని ఉద్యోగానికి వెళ్ళనీ గురూ.”

“పందెం పందెమే.” గంతలతోనే భార్య వైపు తిరిగాడు. “కోపంతో అనడం లేదు. గొంతులో ప్రాణం ఉండాలి. అది మీ అక్కకి పుట్టుకతో వచ్చింది. నువ్వు గొంతు చించుకున్నా ఆ ఒక్క ఊపిరికి సరితూగవు. రానని రేపే స్కూలుకి కబురు చేసెయ్.”

చరణం అయిపోయింది. ఆమె లేచి, వెనక్కి వెళ్ళి, ఆయన తల వెనకున్న ముడి విప్పింది.

“అది అక్క ఊపిరి కాదు బావా, నాది.”