మూడో మలుపు దగ్గర బెల్లు

అడవి పాడవుతుందని ఇరవై ఏళ్ళు గూడేనికి ఇవ్వని దారి, సైకిళ్ళ షికారుకు ఆరు నెలల్లో వేశారు. మరి ఇప్పుడు అడవి పాడవదా? దారి మొదట్లోనే బోర్డు: "ఇక్కడ మోటారు బండ్లు రావు."

గుడిసె ముందు ఈదమ్మ, పట్నం నుంచి షికారుకొచ్చి సైకిల్ మీద పోతున్న జితేందర్‌ను ఆపింది. "సారూ, మూడో మలుపు కాడ జర బెల్లు కొట్టు."

"ఎలుగుబంటి ఉందా?" నవ్వాడతను. "బండ్లే రాని దారిలో బెల్లెందుకమ్మా?"

"గప్పుడు గూడ రాలే. నొప్పులొస్తుంటే నా బిడ్డను మంచం మీద మోస్కపోయినం. ఆ మలుపు కాడ, ఆటో వస్తున్నదా అమ్మా అనడిగింది. వస్తున్నది బిడ్డా అన్న. ఆడనే పాణమిడిచింది."

జితేందర్ సైకిల్ దిగాడు.

"ఇంకా ఆడనే చెవొగ్గి ఉన్నది సారూ. కొట్టు. ఆటో వచ్చిందనుకుంటది."