నడవాలో దగ్గు

తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి అక్క బయల్దేరింది. వేసవి సెలవుల రద్దీలో విమానం ఎక్కడ తప్పిపోతుందోనని అర్ధరాత్రే విమానాశ్రయానికి చేరుకుంది. బోర్డింగ్ పాస్ ఫోన్‌లో ఉంది, రిపోర్టులు చేతిసంచిలో ఉన్నాయి.

కౌంటర్ల వైపు వెళ్లే పొడవాటి నడవాలో ఆమె తప్ప మనిషి లేడు. ఏటవాలు దారిలో ట్రాలీని ఆయాసపడుతూ పైకి నెడుతుంటే, ఉన్నట్టుండి అది తేలికైపోయింది. ఆమె ఆగింది. ట్రాలీ మాత్రం ఆగలేదు, మెల్లగా ఎగువకే కదిలింది. చప్పున పిడి పట్టుకుని చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఇంకా పడుకోలేదేంట్రా?"

"నువ్వు వస్తున్నావంటే నిద్రెక్కడిది? అన్నీ సర్దుకున్నావా?"

"ఆ, ఏదీ మర్చిపోలేదు."

"అది సరే గానీ అక్కా, నీ పక్కన దగ్గుతున్నదెవరు?"

"ఇక్కడెవరూ లేరురా."

తమ్ముడు మెల్లగా అన్నాడు. "అచ్చం అమ్మ దగ్గులా ఉంది."

అమ్మ పోయి ఏళ్లు గడిచాయి. అక్క ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.

"ఇద్దరం వస్తున్నాంలే, నువ్వు పడుకో," అంటూ పిడి మీద తన చెయ్యి కాస్త పక్కకి జరిపింది.