మొదట నేర్చిన పేరు

“సార్, జైల్లో అక్షరాలు నేర్చుకున్న ఒకాయన మొట్టమొదట రాసింది మీ పేరు,” అంది కేథరిన్.

ప్రకాశరావు చేతిలోని టీ గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగింది. మార్కాపురంలో ముప్పై ఏళ్లుగా పలకరాళ్ల వ్యాపారం చేస్తున్న మనిషి. ఏ మాట విన్నా అది లాభమా నష్టమా అని ముందే తూచుకుంటాడు. ఈ మాట ఎటు మొగ్గుతుందో అతనికి తెలియలేదు.

“జైల్లో ఉండేటోళ్లతో నాకేం పనమ్మా? ప్రకాశరావులు ఈ ఊళ్లో పదిమంది ఉంటారు.”

“‘పలకల ప్రకాశరావు’ అనే రాశారు సార్. బయట మీ బోర్డు చూశాకే లోపలికి వచ్చాను.”

కేథరిన్ యూనివర్సిటీలో ఖైదీల జీవితం మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఫైలులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పేజీ నిండా పెన్సిల్‌తో ఒకటే పేరు. పై వరుసల్లో అక్షరాలు పడుతూ లేస్తూ ఉన్నాయి. కిందికి వచ్చేసరికి నిలదొక్కుకున్నాయి.

“నలభై ఒక్క మందిని కలిశాను సార్. మొదట ఏం రాశారని అందరినీ అడిగాను. కొందరు సొంత పేరు, కొందరు అమ్మ పేరు, పిల్లల పేర్లు. ఈయన ఒక్కరే మీ పేరు. ‘ప్ర’ రావడానికే నెల పట్టిందట పాపం!”

గోదాము వెనక కూలి మనిషి రాళ్లు పేరుస్తున్నాడు. టక్, టక్ మని చప్పుడు వినిపిస్తోంది.

“మా పలకలేమన్నా జైలుకు పోయుంటాయిలే. చట్రం మీద నా పేరుంటాది. అది చూసి రాసుంటాడు,” అన్నాడు ప్రకాశరావు తేలిగ్గా.

“అక్కడ పలకలు లేవు సార్. నోటుపుస్తకాలే.”

“మరెందుకు రాసినాడంట?”

“అదీ అడిగాను. ‘బయటికి పోయినాక వెతుక్కోవాల్సిన పేరమ్మా ఇది. బజారులో బోర్డులన్నీ నాకు ఒకటే మాదిరి. ఈ ఒక్కటి చదవను వస్తే చాలు’ అన్నారు.” కేథరిన్ కళ్లు చెమర్చాయి. “ఇంత కృతజ్ఞత ఇంకెవరిలోనూ చూడలేదు సార్. మీరాయనకు ఏం మేలు చేశారు? అది కూడా తెలిస్తే నా అధ్యాయం పూర్తవుతుంది.”

వెనక చప్పుడు ఆగింది.

“ఏమయ్యా, ఆపినావేంది? కానీ!” అని కేకేశాడు ప్రకాశరావు. టక్ మని మళ్లీ మొదలైంది.

“ఎవురమ్మా ఆయన?”

“చెప్పకూడదు సార్. పేరు బయటికి రాదని మాటిచ్చాకే మాట్లాడిస్తాం. నా కాగితాల్లో ఆయన ముప్పై నాలుగో వ్యక్తి, అంతే.”

“ఏం కేసో అదన్నా చెప్పు తల్లీ.”

ఆమె కాస్త తటపటాయించింది. “క్వారీలో పేలుడు. ఇద్దరు చనిపోయారు. తన వేలిముద్రే తనను జైలుకు పంపిందన్నారు. అదేమిటో నాకు అర్థం కాలేదు.”

ప్రకాశరావుకు అర్థమైంది.

ఆ పొద్దు తన క్వారీలో రాయి పేల్చమన్నది తను. ‘ఎవరూ చెప్పలేదు, నేనే పేల్చాను’ అన్న కాగితం మీద పడింది మాత్రం చదువు రాని కూలి వేలు. ఆసుపత్రి కాగితమని చెప్పి వేయించింది మేస్త్రీ అంకయ్య. కోర్టులో సాక్ష్యం చెప్పిందీ అంకయ్యే. అతను చనిపోయి రెండేళ్లయింది. ఆ కూలి ముఖం ప్రకాశరావు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు పేరు కూడా గుర్తుకు రావడం లేదు.

“ఇప్పుడు యాడున్నాడు?” టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“విడుదలై పది రోజులైందట సార్. మీ దగ్గరికి వస్తే నా నమస్కారం చెప్పండి.”

ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా చూసి, ప్రకాశరావు లెక్క వేసుకున్నాడు. వాడికి నా ముఖం తెలియదు. ఎవరినీ అడగకుండా నన్ను పట్టుకోవడానికే చదవడం నేర్చాడు. అడిగితే రేపు ఆ అడిగించుకున్నవాళ్లే సాక్షులవుతారు. ఈ రోడ్డులో పలకల గోదాములు ఇరవై ఉన్నాయి. బోర్డు ఒక్కటి లేకపోతే వాడికి అన్నీ ఒకటే.

“ఏమయ్యా కొత్తాయనా! నిచ్చెన, పానా ఎత్తుకొని ఇట్రా!”

కూలి వచ్చాడు. పనిలో చేరి నాలుగు రోజులు. బక్కపలచటి ఒళ్లు, నెరిసిన గడ్డం, ముఖం నిండా రాతిదుమ్ము. చదువు రాని వాళ్లనే పనిలో పెట్టుకోవడం ప్రకాశరావు పద్ధతి. వాళ్లతో ప్రశ్నలుండవు. ఇతన్ని పేరైనా అడగలేదు.

“ఆ బోర్డు ఊడదీయి. జప్పున కానీ.”

అది రేకు బోర్డు కాదు. నల్లటి పలకరాతి మీద చెక్కించిన పేరు. దించాలంటే ఇద్దరు కావాలి.

“మిగతావాళ్లు బువ్వకు పోయినారయ్యా. వచ్చినాక తీద్దామా?”

“అంతసేపు ఆగను. నేను కింద పట్టుకుంటాలే, ఎక్కు.”

కూలి నిచ్చెన ఎక్కాడు. ఒక బోల్టు ఊడింది. రెండోది. మూడోది. రాయి ఒక పక్కకు ఒరిగింది. దాని నీడ ప్రకాశరావు తల మీద పడింది.

పైన పానా ఆగింది. కూలి అరచేత్తో రాతి మీది దుమ్ము తుడిచి, చెక్కిన అక్షరాల వెంట వేలు నడిపాడు.

“ప... ల... క... ల...”

నిచ్చెన పట్టుకున్న ప్రకాశరావు తల పైకెత్తాడు.

కూలి కిందికి చూశాడు. పానా ఆఖరి బోల్టుకు తగిలించాడు.

“జైల్లో ఈ ‘ప్ర’ దగ్గరే నాకు నెల పట్టిందయ్యా.”