చిటికెన వేలు

"ఆ చిటికెన వేలు అలా వంచుతావేం అబ్బాయ్?"

కంచె అవతలి నుంచి వచ్చిన మాటకి గ్రేడీ చేతిలో బంతి ఆగిపోయింది.

ముసలాయన రోజూ వచ్చేవాడే. ఎడమ చేతిలో కాఫీ, కుడి చెయ్యి కోటు జేబులో, నెత్తిన వెలిసిపోయిన ఎర్ర టోపీ.

"అదే కిటుకు పెద్దాయనా. ఆ వంపు లేకపోతే నా నెమ్మది బంతే లేదు."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. సొంతంగా పట్టుకున్నా."

అబద్ధం. అలవాటైపోయిన అబద్ధం.

మార్చి వచ్చిందంటే మా అరిజోనాలో బేస్‌బాల్ జట్ల సాధన జోరుగా సాగుతుంది. నెలాఖరుకి ఎవరుంటారో, ఎవరు ఇంటికి పోతారో తేలిపోతుంది.

గ్రేడీకి ముప్ఫై ఒకటి. చొక్కా మీద అంకె ఎనభై మూడు. అంత పెద్ద అంకె ఇచ్చారంటే ఆశలు పెట్టుకోకని చెప్పకనే చెప్పినట్టు. బంతి విసిరేవాళ్ళలో ఒక్క చోటే ఖాళీ ఉంది. ఈసారీ దొరక్కపోతే ఇక బావగారి టైర్ల కొట్టే గతి.

అతని బలమల్లా ఆ నెమ్మది బంతి. దూసుకొస్తున్నట్టే కనిపించి, తీరా ఆలస్యంగా వచ్చి బ్యాటర్‌ని వెర్రివాణ్ణి చేసేది. ఈ ఏడు మాత్రం ఎవరూ వెర్రివాళ్ళు కావడం లేదు. ఎవరో చెవిలో ఊదినట్టు ముందే కాచుకుని బాదుతున్నారు. కోచ్‌ల కళ్ళన్నీ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మీద. ఎనభై మూడో నంబరువాడి గోడు ఎవడిక్కావాలి?

"ఆ వేలు వంచినప్పుడల్లా బంతిని దాచుకున్న నీ గ్లౌజు విచ్చుకుంటోంది," అన్నాడు ముసలాయన. "ఏ బంతి వస్తోందో బ్యాటర్‌కి అక్కడే తెలిసిపోతోంది. నిఠారుగా పెట్టి చూడు."

"ఎలాగో చేత్తో చూపించొచ్చుగా?"

"ఓసారి చూపించాన్లే. ఎవరూ చూడలేదు."

బంతి అందుకునే రోసారియో లేచి వచ్చాడు. ముసలాయన టోపీ చూసి పగలబడి నవ్వాడు.

"ఒరేయ్ గ్రేడీ, ఇది 'ఎర్ర కుట్లు' సినిమా టోపీరా!"

ఇంకో నలుగురు మూగారు. మూగరా మరి. పద్దెనిమిదేళ్ళ కిందట బేస్‌బాల్ మీద ఇరవై కోట్ల డాలర్లు పోసి తీసిన సినిమా అది. రెండో వారానికి హాళ్ళలో ఈగలు తోలుకున్నారు. ఇప్పటికీ మైదానంలో ఎవడైనా చెత్తగా ఆడితే "ఎర్ర కుట్లు చూపిస్తున్నాడు" అంటారు.

"ఆ హీరోకి బంతి విసరడమే రాదట. నిజమేనా పెద్దాయనా?"

"నిజమే. మంచి కుర్రాడే పాపం. బంతి ఇస్తే కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకునేవాడు."

"ఈ టోపీ ఊరికే ఇచ్చినా ఎవడూ పెట్టుకోడు."

"అందుకే ఇంట్లో ఇంకా రెండు పెట్టెలున్నాయి. నీకు పంపనా?"

అందరూ నవ్వారు. ముసలాయనా నవ్వాడు. తర్వాత గ్రేడీ వైపు తిరిగాడు.

"నువ్వు చూశావా అబ్బాయ్, ఆ సినిమా?"

గ్రేడీ చూశాడు. పదమూడో ఏట వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. హాల్లో తండ్రీ కొడుకులిద్దరే. హీరో నెమ్మది బంతి పట్టుకునే ఘట్టంలో తెరంతా ఒక్క చెయ్యే కనిపిస్తుంది. దాని చిటికెన వేలు కొస బయటికి వంగి ఉంటుంది. ఆ ఒక్క ముక్కని ఇంట్లో నలభై సార్లు ఆపి ఆపి చూసి, ఆ వంపుతో సహా నేర్చుకున్నాడు. ఈ సంగతి జట్టువాళ్ళకి తెలిస్తే బతకనిస్తారా?

రోసారియో అతని వంకే చూస్తున్నాడు.

"చూళ్ళేదు. అసలు చూసినవాడెవడున్నాడు గనక?"

"అవున్లే," అన్నాడు ముసలాయన.

ఆఖరి మ్యాచ్‌లో గ్రేడీకి బంతి ఇచ్చారు. మొదటివాడు నెమ్మది బంతిని కాచుకుని కంచె దాటించాడు.

పోయేదేముంది అనుకున్నాడు గ్రేడీ. గ్లౌజులో చిటికెన వేలు నిఠారుగా చాచాడు. ఆ చెయ్యి తనది కానట్టు అనిపించింది.

తర్వాతి ముగ్గురూ బంతి రాకముందే గాలిని బాది వెళ్ళిపోయారు.

మేనేజర్ గదికి రమ్మన్నాడు. అక్కడ "తలుపెయ్యి" అన్నారంటే ఇంటికి పొమ్మనే. ఆ మాట రాకముందే గ్రేడీ తలుపు మీద చెయ్యి వేశాడు.

"తీసే ఉంచు," అన్నాడు మేనేజర్. "సామాను సర్దుకో. మనతో వస్తున్నావు."

గ్రేడీ తిన్నగా కంచె దగ్గరికి పరిగెత్తాడు. ముసలాయన లేడు. గేటు దగ్గర టికెట్లు చూసే లొరెయిన్ ఉంది.

"ఆ పెద్దాయన మెర్ల్ కోసమా? ఇప్పుడే బయల్దేరాడు నాయనా. నెబ్రాస్కా దాకా వెళ్ళాలిగా. నీకిది ఇమ్మన్నాడు."

కొత్త ఎర్ర టోపీ. మడత కూడా విప్పలేదు.

"ఏమైనా చెప్పాడా?"

"'ఒక్కడైనా చూశాడు' అని తనలో తనే మురిసిపోయాడు. ఏం చూశావేమిటి?"

గ్రేడీ బండ్లు నిలిపే చోటికి పరుగు తీశాడు. ముసలాయన కూతురు నడుపుతున్న పాత వ్యాను అప్పటికే రోడ్డెక్కుతోంది.

"చూశాను పెద్దాయనా!" అని అరిచాడు. "నలభై సార్లు చూశాను!"

వినబడిందో లేదో. పక్క సీటు కిటికీలోంచి, ఇన్నాళ్ళూ కోటు జేబులోనే ఉన్న ఆ కుడి చెయ్యి బయటికి వచ్చి ఊగింది. సినిమాలో తెరంతా నిండిన చెయ్యి.

పద్దెనిమిదేళ్ళుగా గ్రేడీ కిటుకనుకుని అనుకరిస్తూ వచ్చిన ఆ చిటికెన వేలు, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నది.